రోజంతా పానా పట్టుకునే ఓనరుకి కొత్త పని మొదలుపెట్టే టైం ఎక్కడిది?

గేర్‌బాక్స్_విడవలూరు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర. రొయ్యల గుంటల్లో చక్రాలతో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లకు మోటార్ వైండింగ్, గేర్‌బాక్స్ రిపేరు చేసే షాపు నాది. నేను, మా మేనల్లుడు, ఇద్దరు కుర్రాళ్లు. డిప్లొమా చేసి, చెన్నైలో పంపుల కంపెనీలో కొన్నేళ్లు ఉద్యోగం వెలగబెట్టి, ఊరికొచ్చి పెట్టుకున్నా. దేవుడి దయ వల్ల పనికి కొదవ లేదు. గొడవంతా అక్కడే.

షట్టర్ ఎత్తే లోపలే బండి వెనక గేర్‌బాక్స్ కట్టుకుని ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటారు. "అన్నా, టీ తాగొచ్చేలోపు అయిపోద్దా?" అంటారు. రెండు హెచ్‌పీ మోటారు, నాలుగు చక్రాల మెషిన్లే ఎక్కువ వస్తాయి. ఉప్పునీళ్లలో తిరిగే సరుకు కదా, సీల్ కాస్త అరిగితే చాలు, నీళ్లు లోపలికి దిగి ఆయిల్ తెల్లబడిపోతుంది. ముందు బేరింగులు పోతాయి, వెనకాలే గేరు పళ్లు. విప్పి చూడగానే ఏది మార్చాలి, ఏది ఇంకో కల్చర్ (అంటే ఒక రొయ్యల పంట) లాగుతుంది అనేది నాకు తెలిసిపోతుంది. అది చూసే మనిషి నేనొక్కణ్ణే. వైరు కోసం, బేరింగుల కోసం నెల్లూరు పోయేదీ నేనే. నెలకు 11, 20 తారీఖులొస్తే జీఎస్టీ కాగితాలు ఆడిటర్‌కి పంపేదీ నేనే.

ఇక రాత్రుళ్లు. గుంటల సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. పగలు ఎండలో గుంటలోని పాచి ఆక్సిజన్ వదులుతుంది, చీకటి పడ్డాక అదీ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. తెల్లారుజాముకు నీళ్లలో డీఓ, అంటే కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా అడుగుకు పోతుంది. నాలుగు పీపీఎం కిందకి దిగితే రైతుకు టెన్షన్. ఇంకా దిగితే రొయ్య పైకి తేలుతుంది. ఆ వేళకి ఏరియేటర్ ఆగిందంటే ఎవరికి ఫోన్ చేస్తారో చెప్పక్కర్లేదు. "కుర్రోణ్ణి పంపిస్తానన్నా" అంటే "వద్దబ్బా, నువ్వే రా" అంటారు. లక్షల సరుకు నీళ్లలో ఉన్నప్పుడు కాదని ఎట్లా అంటాం.

నేను చేయాలనుకుంటున్నది వేరే ఉంది. బోరు మోటార్లకు సిమ్ కార్డు స్టార్టర్లు బజార్లో దొరుకుతున్నాయి. కరెంటు వచ్చిందా పోయిందా, ఫేజు ఉందా లేదా అన్నది అవి చెబుతాయి. కానీ ఒక లైను మీద పది మెషిన్లు తిరుగుతుంటే అందులో ఒకటి ఆగిన సంగతి వాటికి తెలియదు. ఒక్కో మోటారు వైరుకు కరెంటు ఎంత పోతోందో పసిగట్టే ఒక సీటీ కాయిల్ తగిలించి, యాంప్స్ పడినా ఎగిరినా ఫలానా నంబరు మెషిన్ అని రైతు ఫోన్ మోగేలా ఒక ప్యానెల్ చేద్దామని. నమూనా సగం అయింది. ఆ సగం మా బెంచి కింద అట్టపెట్టెలో ఉంది, పైన పాత స్టేటర్లు పేర్చి ఉన్నాయి. దాని ముందు కూర్చోవాలంటే బుర్ర ఖాళీగా ఉండాలి. నాకు ఖాళీ దొరికేసరికి నిద్ర ముంచుకొస్తోంది.

షాపు పని చేతులారా చేస్తూనే ఇంకో వ్యాపారం నిలబెట్టిన వాళ్లు ఇక్కడ ఉన్నారా? ఎట్లా చేశారు? పని కుర్రాళ్లకు వదిలేస్తే నా చేతి మీద ఉన్న పేరు పోతుందని భయం. పుస్తకాల్లో రాసే మాటలు వద్దు, మీరు చేసింది చెప్పండి.

కావలి_ఏసీ

ఫాలోయింగ్. మాదీ ఇదే కథ, మెషిన్ పేరు మార్చుకోండి అంతే. ఎండాకాలం నేను భోంచేసేది స్కూటర్ మీదే.

నల్లరాయి_చీమకుర్తి

అన్నా, నాది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. గెలాక్సీ రాయి, నల్ల రాతిలో మెరిసే చుక్కలుంటాయే, అది. మొదట్లో నేనూ లైన్ పాలిషర్ పక్కనే నిలబడేవాణ్ణి. ఆపరేటర్లు రాజస్థాన్ వాళ్లు. వాళ్ల పని వాళ్లకి నాకంటే బాగా వచ్చు, అయినా నేను అక్కడ లేకపోతే ఏదో అయిపోతుందని నా మనసులో ఉండేది. స్లాబు బయటికొచ్చినప్పుడల్లా వంగి, వెలుతురుకి అడ్డంగా చూసి, "ఇది మళ్లీ వేయి" అనేవాణ్ణి. ఎందుకు మళ్లీ వేయాలో వాళ్లకి అర్థమయ్యేది కాదు. నా కంటికి నచ్చలేదు, అంతే.

తర్వాత గ్లోస్ మీటర్ కొన్నా. స్లాబు మీద పెడితే మెరుపు ఎంతో నంబర్ చూపిస్తుంది. 85 దాటితే పక్కన పెట్టు, దాటకపోతే మళ్లీ వేయి అని చెప్పా. స్లాబుకి నాలుగు మూలలా, మధ్యలో కొలిచి చాక్‌పీసుతో రాయడం మాత్రం తప్పనిసరి చేశా. నేను లైను దగ్గరికి పోవడం అప్పటికి ఆగింది. చీమకుర్తి యూనిట్లలో అందరూ అడిగే ప్రశ్న "ఓనరు ఉన్నాడా?" అనేదే. నా దగ్గర ఇప్పుడు "నంబర్ ఎంత?" అని అడుగుతున్నారు.

ఒక్క పని మాత్రం ఇప్పటికీ ఎవరికీ ఇవ్వను. క్వారీలో బ్లాకు కొనేటప్పుడు నేనే పోతా. చుక్క ఎంత ఒత్తుగా ఉంది, తెల్ల గీత ఏమైనా పోతోందా, సన్నటి పగులుందా అని చూడాలి. నీళ్లు కొట్టిస్తే రాయంతా తడిసి, మళ్లీ ఆరేటప్పుడు పగులున్న చోట మాత్రం తడి గీతలా ఆగుతుంది. అది కనిపెట్టకుండా కొంటే కోతలో స్లాబులు రెండు ముక్కలవుతాయి. అక్కడ నంబర్ లేదు, కన్నే దిక్కు. అందుకని నా టైం అక్కడ పెట్టుకున్నా.

మీ మోటార్లలో కూడా అట్లాంటి నంబర్లు ఉండే ఉంటాయి. నాకు ఆ పని తెలియదు, మీరే చెప్పాలి.

గేర్‌బాక్స్_విడవలూరు

ఉన్నాయన్నా, ఉన్నాయి. వైండింగ్ అయ్యాక మెగ్గర్ పెడితే ఇన్సులేషన్ ఎంతో చూపిస్తుంది. లోడు లేకుండా తిప్పి క్లాంప్ మీటర్ తగిలిస్తే మూడు ఫేజుల్లో యాంప్స్ ఒకేలా ఉండాలి, ఒకటి తేడాగా ఉందంటే చుట్టు తప్పినట్టే. గేర్‌బాక్స్ బిగించి గంట తిప్పితే సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తుందో లేదో ఎవరైనా చూడగలరు. ఇవన్నీ నేను చేస్తూనే ఉన్నా, రాయడమే లేదు. చెయ్యి పెట్టి వేడి చూసి "సరే, పంపించు" అంటా. ఆ వేడి ఎంతో మా మేనల్లుడికి ఎట్లా తెలుస్తుంది, నిజమే.

విప్పి చూసి ఏది మార్చాలో తేల్చేది మాత్రం నీ బ్లాకు లాంటిదే. దానికి మీటర్ లేదు.

పానా_వదిలినోడు

నేను అవతలి వైపు నుంచి చెబుతా. మీలాంటి ఓనరు దగ్గర వైండింగ్ చేసి బయటికొచ్చిన వాణ్ణి. ఊరు, పేరు వద్దులెండి.

ఆయన పనిమంతుడు, అందులో అనుమానం లేదు. కానీ రైతు ముందు నా చేతిలోంచి పానా లాక్కునేవాడు. "ఇటివ్వరా, నీ వల్ల కాదు" అని. రైతు అది చూశాక రేపు నన్ను నమ్ముతాడా? ఆయన ఊళ్లో లేనప్పుడు నేను చుట్టిన మోటార్లు ఏళ్లు తిరిగాయి, ఆ సంగతి రైతుకి తెలియదు, ఆయన చేశాడనే అనుకున్నాడు. మీరు "కుర్రోణ్ణి పంపిస్తా" అంటున్నారు చూడండి, ఆ మాటలోనే ఉంది సగం. కుర్రోడు అంటే ఎవరు రానిస్తారు? పేరు పెట్టి చెప్పండి. "ఫలానా అతను వస్తాడు, ఈ ఏరియాలో గేర్‌బాక్సులు అతనే చూస్తాడు" అనండి. ఎవరికైనా మొదటిసారి మీరు పక్కన నిలబడండి, పానా మాత్రం ముట్టుకోవద్దు. చేతులు జేబులో పెట్టుకోండి, లేకపోతే ఆగవు మీ చేతులు.

ఇంకోటి, రేటు. మా దగ్గర ఎంత పని అయినా రేటు చెప్పేది ఓనరే. ఆయన నెల్లూరు పోతే రైతు మెషిన్ ముందు పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చునేవాడు, మేం మొహమొహాలు చూసుకునేవాళ్లం. సీల్ మార్చితే ఇంత, రెండు బేరింగులు మార్చితే ఇంత, ఫుల్ వైండింగ్ ఇంత అని గోడ మీద రాసి పెట్టుంటే ఆయన రోజులో సగం ఫోన్లు వచ్చేవి కావు. మనిషిని బట్టి రేటు చెప్పే అలవాటు ఉంటే మాత్రం గోడ మీద రాయలేరు. అది మీరే చూసుకోవాలి.

జీతం ఎంత ఇస్తున్నారో అడగను. మోటారుకి ఇంత అని పైన వేస్తే రాత్రి ఫోన్ ఎత్తడానికి మీ కుర్రాళ్లే పోటీ పడతారు.

యూనిఫాం_పొదలకూరురోడ్డు

నేను నెల్లూరులో స్కూలు యూనిఫారాలు కుట్టించే యూనిట్ నడుపుతున్నా. జూన్ ముందు నాకు పగలూ రాత్రీ తేడా ఉండదు, కాబట్టి మీ బాధ తెలుసు. రెండు మాటలు సూటిగా అడుగుతా, ఏమీ అనుకోకండి అన్నా.

ఒకటి, ఇంత రాశారు, ఇంట్లో వాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. రాత్రి రెండింటికి మీరు లేచి పోతే వదిన పడుకుంటుందా? పిల్లల్ని స్కూలుకి ఎవరు తయారు చేస్తున్నారు? మీకు దొరకని టైం గురించి మాట్లాడుతున్నారు గానీ, ఇప్పటికే మీరు వాడేస్తున్న టైంలో వాళ్లది ఎంతుందో లెక్క వేసుకోండి. నేను ఈ యూనిట్ పెట్టినప్పుడు మా అత్తగారు వంటగది మొత్తం తన మీద వేసుకుంది. అది నేను మర్చిపోతే నా కళ్లు పోతాయి.

రెండు, ఆ ప్యానెల్ ఎవరు అడిగారు? అడిగిన రైతు ఒక్కడైనా అడ్వాన్స్ చేతిలో పెట్టాడా? "చేస్తే బాగుంటదన్నా" అనే వాళ్లు ఊరంతా ఉంటారు. నేను స్కూలు బ్యాగులు కూడా కుట్టిద్దామని మొదలుపెట్టే ముందు, అప్పటికే నా దగ్గర యూనిఫారాలు తీసుకునే స్కూళ్లకి పోయి శాంపిల్ చూపించి, సగం డబ్బు ఇస్తేనే గుడ్డ కొంటా అన్నా. ఇచ్చిన వాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమంది కోసం టైం దానంతట అదే వచ్చింది, ఎందుకంటే తారీఖు చెప్పి డబ్బు తీసుకున్నా కదా. ఎవరికీ బాకీ లేని పని ఎప్పుడూ అట్టపెట్టెలోనే ఉంటుంది.

టైం సంగతంటారా, సాయంత్రం పెట్టుకోవద్దు. ఆ వేళకి బుర్ర పనిచేయదు. నాకు మంగళవారం మధ్యాహ్నం దాకా ఫోన్ ఉండదు, యూనిట్‌కి కూడా పోను. మా అక్క వాళ్ల మేడ మీద గదిలో కూర్చుంటా. మొదట్లో స్కూలు వాళ్లు గొణిగారు. ఇప్పుడు "మంగళవారం కదా, రేపు చేస్తాంలే" అని వాళ్లే అంటున్నారు. మీరు షాపులోనే ఒక మూల కూర్చుని చేద్దామనుకుంటే జరగదు, ఎవడో ఒకడు గేర్‌బాక్స్ పట్టుకుని వస్తాడు, మీరు లేస్తారు.

రొయ్యల_అల్లూరు

అబ్బయ్యా, నేను రైతుని. టైగర్ రొయ్య రోజుల నుంచి ఉన్నా ఈ తంతులో, తెల్లమచ్చ రోగంతో మునిగి మళ్లీ వనామి రకం రొయ్యతో లేచిన బాపతు. మీ మెకానిక్కుల్ని రాత్రిపూట లేపే పాపం మాదే కాబట్టి నిజం చెబుతా.

నువ్వు గేర్‌బాక్సుల సంగతి రాశావు. రాత్రి ఫోన్లలో గేర్‌బాక్స్ ఎన్ని, కాలిన మోటార్లు ఎన్ని, ఒక నోటు పుస్తకంలో రాయి. నా లెక్కలో కాలినవే ఎక్కువ ఉంటాయి. ఒక ఫేజు పోతుంది, మోటారు మిగతా రెండిటి మీద మూలుగుతూ తిరుగుతుంది, ఆ రెండు వైర్లూ ఒకటిన్నర రెట్లకు పైగా కరెంటు లాగుతాయి, కాసేపట్లో వైండింగ్ వాసన. ఫేజు పోతే మోటారు ఆపేసే ప్రివెంటర్ ఉంది కదా అంటావు. ఉంది. వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయితే చాలు అది ట్రిప్ అవుతుంది, కాపలావాడు లేచి మళ్లీ ఆన్ చేయడు, ఏరియేటర్లన్నీ ఆగిపోతాయి. అదో నష్టం. అందుకని వైరు కలిపేసి డైరెక్టు పెట్టేస్తాం. అల్లూరు నుంచి మైపాడు దాకా ఏ ప్యానెల్ మూత తీసినా ఆ కలిపిన వైరు కనపడుతుంది నీకు. నువ్వు చేసే కొత్త ప్యానెల్ కూడా ఊరికే ట్రిప్ అయ్యే రకమైతే దానికీ అదే గతి. కూయాలి గానీ ఆపకూడదు, ఆపినా తనంతట తనే మళ్లీ లేవాలి. ఇది రాసిపెట్టుకో.

ఇక నువ్వే రావాలని ఎందుకంటామో చెప్పనా? నువ్వు ఫోన్ ఎత్తుతావు కాబట్టి. అంతే. మాకు కావలసింది నీ మొహం కాదు, తెల్లారేలోపు చక్రాలు తిరగడం. గట్టు మీద ఒక మోటారు, ఒక గేర్‌బాక్స్ స్పేర్‌గా పెట్టి పో. కల్చర్ మొత్తానికి ఇంత అని అద్దె తీసుకో. నాలుగు బోల్టులు విప్పి మార్చడం మా వాళ్లకి నేర్పించు. ఆ రాత్రికి మేం మార్చుకుంటాం, పొద్దున ఆటోలో పాతది నీ షాపుకొస్తుంది. నువ్వు నిద్ర పో. అద్దెకిస్తానంటే నేను తీసుకుంటా, మా గట్టు మీద ఇంకా నలుగురు తీసుకుంటారు.

పట్టుబడి అయ్యాక, అంటే రొయ్య పట్టేశాక, గుంట ఎండగట్టేటప్పుడు మెషిన్లన్నీ గట్టు మీద బోర్లా పడి ఉంటాయి. అప్పుడు ఏ మెకానిక్కూ రాడు, మేమూ పిలవం. సీడ్ (రొయ్య పిల్ల) వదిలే ముందు రోజు అందరం ఒకేసారి మీ మీద పడతాం. ఆ ఖాళీలో నువ్వే బండి వేసుకుని వచ్చి సీళ్లు, ఆయిలు మార్చి పెడితే రాత్రి ఫోన్లు చాలావరకు పుట్టవు.

రిటైర్డ్_బ్యాంకు

పైన అల్లూరు ఆసామి చెప్పింది అన్నిటికంటే విలువైన మాట. నేను డబ్బు వైపు నుంచి కాస్త కలుపుతాను.

బాబూ, నీ టైం ఇంకో చోట కూడా పోతోంది, నువ్వు రాయలేదు గానీ నాకు తెలుసు. బాకీలు. రైతు పట్టుబడి అయ్యాక ఇస్తానంటాడు. కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి వచ్చే ధర) పడిపోతే ఆ ఇవ్వడం వచ్చే పంటకు పోతుంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన దేశపు సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఈ తీరం వెంబడి ఎన్ని షాపుల పుస్తకాలు బాకీలతో నిండాయో చూశాం. బాకీ కోసం గుంట చుట్టూ తిరిగే పొద్దు కూడా నీ పొద్దే. స్పేర్ అద్దె, సర్వీసు డబ్బు సీడ్ వదిలే ముందే తీసుకో. అప్పుడు రైతు చేతిలో డబ్బు ఆడుతూ ఉంటుంది, మేతకీ సీడ్‌కీ ఎలాగూ తీస్తాడు. రాత్రి పనికి వేరే రేటు పెట్టు. పగటి రేటుకే రాత్రి వచ్చే మనిషిని రాత్రే పిలుస్తారు.

ప్యానెల్ విషయానికి వస్తే, నమూనా గుంట మీద ఒక కల్చర్ పూర్తిగా నిలబడే దాకా అప్పు జోలికి పోకు. ఆ తర్వాత పీఎంఈజీపీ, అంటే కొత్త యూనిట్లకి సబ్సిడీతో బ్యాంకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం, ఒక దారి. 2025-26 దాకా ఉన్న రూల్స్ చెబుతున్నా. తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టవచ్చు. పల్లెల్లో జనరల్ వాళ్లకి 25 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, మహిళలు వగైరాలకి 35 శాతం సబ్సిడీ. ఆ సబ్సిడీ నీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరపడతారు. పైగా అది కొత్త యూనిట్లకే, ఇప్పటికే నడుస్తున్న నీ షాపు పేరు మీద రాదు. మేనల్లుడి పేరు మీద వేరే యూనిట్‌గా పెడితే ఆలోచించవచ్చు, కానీ అప్పుడు అది అతని వ్యాపారం అవుతుంది, పేరుకి మాత్రమే కాదు. ముందు ఆ సంగతి ఇంట్లో తేల్చుకో. అప్లికేషన్లు ఎలా నడుస్తున్నాయో నెల్లూరు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడుగు. చిన్న మొత్తానికైతే ముద్ర లోను ఉంది, తరుణ్ కింద 10 లక్షల దాకా. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి డబ్బు అడిగేవాడు బ్రోకర్.

గేర్‌బాక్స్_విడవలూరు

రాత్రి కూర్చుని అన్నీ రెండుసార్లు చదివా. మా మేనల్లుడికి కూడా చదివి వినిపించా. పానా వదిలినోడి మాట దగ్గర వాడు నవ్వాడు, ఏమీ అనలేదు. అంటే నేనూ లాక్కుంటున్నానన్నమాట.

గోడ మీద రేట్లు రాయించేశా. ఇద్దరు పాత ఖాతాదారులు అలిగారు, వాళ్లకి ఎప్పుడూ తగ్గించి చెప్పేవాణ్ణి. చూద్దాం. మోటారు బయటికి పోయే ముందు మెగ్గర్ రీడింగ్, మూడు ఫేజుల యాంప్స్ ఒక అట్టముక్క మీద రాసి హ్యాండిల్‌కి కట్టమన్నా, కింద కట్టినవాడి పేరుతో సహా. మొదటి రోజే ఒక మోటారు మేనల్లుడు ఆపేశాడు, మూడో ఫేజు తేడాగా ఉందని. నేనైతే వేడి చూసి పంపించేవాణ్ణి అనుకోండి.

అల్లూరు పెద్దాయనా, మీరు చెప్పిన వైరు సంగతి నాకు తెలుసు గానీ ప్యానెల్ గురించి ఆలోచించేటప్పుడు అది తట్టలేదు. ఆపే రిలే తీసేసి ముందు కూత ఒక్కటే పెడతా. అడ్వాన్స్ విషయంలో యూనిఫాం అక్క మాటకి ఇంకా ధైర్యం చాలడం లేదు, పని చేయని వస్తువుకి డబ్బు అడగడానికి మొహమాటం. స్పేర్ అద్దె మాత్రం వెంటనే మొదలుపెడతా, పాత మోటార్లు రీవైండ్ చేసినవి షాపులో చాలానే పడి ఉన్నాయి.

తేలనిది ఒకటుంది. విప్పి చూసి తేల్చే పని ఎట్లా నేర్పించాలి? అది చెప్తే వచ్చేది కాదు.

పానా_వదిలినోడు

తీసేసిన గేర్లు, బేరింగులు పాత ఇనుం వాడికి వేయకండి. ఒక కల్చర్ పాటు ఒక్కోదానికీ చీటీ కట్టి అరలో పెట్టండి, ఎందుకు తీశారో రాసి. "ఇది ఇంకా లాగేదా, ఎందుకు?" అని వాళ్లనే అడగండి, జవాబు మీరు చెప్పకండి. నాకు అట్లా ఎవరూ అడగలేదు, నేనే చెత్తకుప్పలో ఏరుకుని చూసుకునేవాణ్ణి.

రొయ్యల_అల్లూరు

మా దగ్గర వచ్చే నెల పట్టుబడి. గుంటల్లో రెండు డజన్ల మెషిన్లు ఉన్నాయి, అన్నిటికీ సీళ్లు, ఆయిలు మార్చాలి. నువ్వు గట్టు మీదకి వస్తావా, మమ్మల్ని ట్రాక్టర్‌లో వేసుకు రమ్మంటావా? ట్రాక్టర్ ఖర్చు ఎవరిది?

గేర్‌బాక్స్_విడవలూరు

గట్టు మీదకే వస్తాం పెద్దాయనా, ట్రాక్టర్ వద్దు. సీళ్లు, ఆయిలు మావి, రేటు గోడ మీదున్నదే. మెషిన్లు ఒడ్డుకు లాగి కడిగి పెట్టించండి, బురదతో ఉంటే ముట్టుకోం. సగం డబ్బు ముందు.